కొట్టేసిన పన్నెండున్నర

వారానికో సైన్సు హోంవర్కు. చేసేది అమ్మానాన్నలు. దిద్దేది మాస్టారు. మార్కులు పిల్లలకి. అంతా బాగానే ఉంది... మరి చూసేదెవరు?

సోమవారం ఉదయం. హైదరాబాద్‌లోని ఓ బడి. ఎనిమిదో తరగతి సైన్సు మాస్టారి బల్లమీద నలభై నోటుపుస్తకాలున్నాయి. అన్నింట్లోనూ ఒకటే హోంవర్కు. ఆదివారం డాబా మీదో పెరట్లోనో మీటరు పొడవున్న కర్రని నిటారుగా నిలబెట్టాలి. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా పావుగంటకోసారి దాని నీడని టేపుతో కొలవాలి. నీడ ఎన్నింటికి అన్నిటికన్నా పొట్టిగా ఉందో రాయాలి. అంతే!

మాస్టారు ఒక్కో పుస్తకమూ తెరిచారు. పన్నెండు. పన్నెండు. పన్నెండు... ముప్ఫై తొమ్మిది పుస్తకాల్లోనూ అదే జవాబు. నలభయ్యో దాంట్లోనూ పన్నెండే. కాకపోతే దాని పక్కన ఓ కొట్టివేత ఉంది. నీలం గీతల కింద మొదట రాసిన అంకెలు లీలగా కనిపిస్తున్నాయి. 12.30.

'ఎందుకు కొట్టేశావురా?' అడిగారు మాస్టారు.

'తప్పొచ్చింది సార్. మధ్యాహ్నం పూట నీడ పొట్టిగా ఉంటుందని పుస్తకంలో ఉంది కదా. మధ్యాహ్నమంటే పన్నెండే కదా సార్!'

'నువ్వు కొలిస్తే ఎన్నింటికొచ్చింది?'

'పన్నెండున్నరకి సార్. రెండుసార్లు కొలిచా. మా నాన్న కూడా చూశారు. మార్కులు పోతాయి, పన్నెండు చేసెయ్యమన్నారు.'

క్లాసంతా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. మిగతావాళ్లలో నిజంగా డాబా ఎక్కిందెందరో, ఎక్కకుండానే రాసేసిందెందరో ఆయనకి తెలీదు. చూసింది చూసినట్టు రాసింది మాత్రం ఆ పిల్లాడొక్కడే. రాసి... కొట్టేసుకున్నాడు!

వాడిదే కరెక్టు

అది జనవరి మూడోవారం. సంక్రాంతి సెలవులయ్యాక వచ్చిన మొదటి హోంవర్కు. ఆ పిల్లాడి పుస్తకంలో కొలతలు ఇలా ఉన్నాయి. పన్నెండింటికి నీడ 78 సెంటీమీటర్లు. పన్నెండుంబావుకి 77. పన్నెండున్నరకి 76.5. ముప్పావుకి మళ్లీ 77 దాటింది. అంటే నీడ పన్నెండున్నర దగ్గర తగ్గడం ఆపేసి పెరగడం మొదలెట్టింది. అక్కడే సూర్యుడు ఆ రోజు ప్రయాణంలో అన్నిటికన్నా పైకి చేరాడు.

మరి గడియారంలో పన్నెండు ఏమైనట్టు?

మనదేశం మొత్తానికీ ఒకటే గడియారం. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత మన కాకినాడకి దగ్గర్లోంచే వెళ్తుంది. హైదరాబాద్ దానికి పడమరగా దాదాపు 4 డిగ్రీల దూరంలో ఉంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కాబట్టి కాకినాడ దగ్గర సూర్యుడు నడినెత్తికొచ్చిన 16 నిమిషాలకిగానీ హైదరాబాద్‌లో రాడు. ఇది ఒక లెక్క.

రెండో లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. భూమి అక్షం వంగి ఉంది. పైగా సూర్యుడి చుట్టూ భూమి ఏడాది పొడవునా ఒకే వేగంతో తిరగదు. అందుకే మన గడియారానికీ సూర్యుడికీ మధ్య తేడా నెలనెలా మారుతుంటుంది. జనవరి మూడోవారంలో సూర్యుడు గడియారంకన్నా 11 నిమిషాలు ఆలస్యం. ఆ పదహారూ ఈ పదకొండూ కలిపితే 27. అంటే 12 గంటల 27 నిమిషాలు. పావుగంటకోసారి కొలిచే పిల్లాడికి పన్నెండున్నర రాక మరేం వస్తుంది?

అదే నవంబరు మొదట్లో అయితే సూర్యుడు గడియారంకన్నా 16 నిమిషాలు ముందుంటాడు. అప్పుడు హైదరాబాద్‌లో పొట్టినీడ దాదాపు సరిగ్గా పన్నెండింటికే పడుతుంది.

పిల్లాడు కొట్టేసిన ఆ నాలుగంకెల్లో రేఖాంశం పాఠం ఉంది. ప్రామాణిక కాలం పాఠం ఉంది. భూభ్రమణం, అక్షం వంపు... అన్నీ ఉన్నాయి. వాటిమీద నాన్నే చెయ్యిపట్టుకుని గీతలు గీయించారు. పాపం, ఆయన తప్పూ లేదు. ఆయన చదువుకున్న బడిలోనూ రీడింగు అంటే కొలిచి రాసేది కాదు. పక్కవాడి రికార్డులోంచి దించేది!

మరునాడు మధ్యాహ్నం మాస్టారు క్లాసుని మైదానంలోకి తీసుకెళ్లారు. పది కర్రలు, పది టేపులు, నలుగురికో కర్ర. ఒంటిగంటకి అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టారు. ఏ జట్టుకీ పన్నెండు రాలేదు.

ఆదివారం రాత్రి హడావిడి

పిల్లలున్న ఇళ్లలో ఈ మాటలు కొత్తేం కాదు.

'అమ్మా, రేపు సైన్సు ప్రాజెక్టు ఇవ్వాలి.'

'ఎప్పుడు చెప్పార్రా?'

'పోయిన సోమవారం.'

అప్పుడు మొదలవుతుంది అసలు హోంవర్కు. నాన్న బండేసుకుని థర్మాకోల్ షీట్ల కోసం వీధివీధీ తిరుగుతారు. అమ్మ వంటింటి పని పక్కనపెట్టి చార్టుమీద మొక్క బొమ్మ వేస్తుంది. అక్క హెడ్డింగులు రాస్తుంది. పిల్లాడు పది దాటకుండానే సోఫాలో నిద్రపోతాడు. పొద్దున్నే ఇంకా ఆరని గ్లూతో ఓ అగ్నిపర్వతమో, ఇంకుడుగుంతో ఆటో ఎక్కి బడికి బయల్దేరుతుంది. అంత ఓపిక లేనివాళ్లకి స్టేషనరీ దుకాణాల్లో రెడీమేడ్ సౌరకుటుంబాలు ఎలాగూ ఉన్నాయి. ఈ మధ్య ఫోన్లు ఆ శ్రమ కూడా తగ్గించేశాయి. ప్రశ్న అడిగితే చాలు, ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, పరిశీలన, ముగింపు... వరసపెట్టి రాసిచ్చేస్తున్నాయి. చేయని ప్రయోగానికి పరిశీలన!

నిజానికి ఈ పనులు పెట్టింది పిల్లల బట్టీ తగ్గించడానికే. బండెడు పుస్తకాల చదువు పిల్లల్ని నలిపేస్తోందని 1993లోనే యశ్‌పాల్ కమిటీ చెప్పింది. చదువు పుస్తకం దాటి పిల్లల చుట్టూ ఉన్న లోకంతో ముడిపడాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం గట్టిగా చెప్పింది. ఆ తర్వాత మన పాఠ్యపుస్తకాల్లోకీ కృత్యాలు వచ్చాయి. 'చేసి చూడండి', 'ఊహించండి', 'మీ స్నేహితులతో చర్చించండి' అనే మాటలు పేజీ పేజీకీ కనిపిస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013-14లో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు ప్రాజెక్టు పనులకి మార్కులు కూడా కేటాయించారు.

ఆలోచన మంచిదే. కాకపోతే మార్కు రాగానే మనవాళ్లకి పాత అలవాటు గుర్తొచ్చింది. సరైన జవాబు ఏదో ముందే తెలుసుకో... దానికి తగ్గట్టు పరిశీలన రాసెయ్! బట్టీ ఎక్కడికీ పోలేదు. చార్టుమీదికి ఎక్కిందంతే.

హోషంగాబాద్ పిల్లలేం చేశారు?

'అయినా నలభై, యాభై మందున్న క్లాసులో, ల్యాబ్ కూడా లేని బడుల్లో ఇవన్నీ అయ్యే పనేనా?' అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు వెతుక్కోవాలంటే ఓసారి మధ్యప్రదేశ్ వెళ్లాలి.

1972లో ఆ రాష్ట్రంలోని హోషంగాబాద్ జిల్లాలో 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో ఓ కొత్త పని మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు రాష్ట్రప్రభుత్వాన్ని ఒప్పించి మొదలుపెట్టిన సైన్సు బోధన అది. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు సెలవుల్లో వచ్చి పల్లెటూరి మాస్టార్లతో కలిసి కూర్చున్నారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి పుస్తకంలో జవాబులు ఉండేవి కావు. ప్రయోగాలూ ప్రశ్నలే ఉండేవి. నలుగురేసి జట్లుగా కూర్చుని చేసి చూసి, వచ్చింది తమ మాటల్లో రాసుకోవడమే పాఠం. వార్షిక పరీక్షకి పుస్తకం తీసుకెళ్లొచ్చు! జవాబు అందులో ఉంటే కదా కాపీ కొట్టడానికి. సందేహం వస్తే 'సవాలీరామ్' అనే కల్పిత పాత్రకి ఉత్తరం రాయొచ్చు. జవాబు పోస్టులో వచ్చేది.

1978లో ఆ పద్ధతి జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో దాన్ని చూసుకోవడానికి 'ఏకలవ్య' అనే సంస్థ ఏర్పడింది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి పుణెలోని టెల్కోలో ఇంజినీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978లో సెలవుపెట్టి అక్కడికి వెళ్లారు. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని కలిపి త్రిభుజాలూ ఘనాలూ కట్టించే బొమ్మలు ఆయనకి అక్కడే తట్టాయి. చెత్తలోంచి సైన్సు బొమ్మలు చేయడమే ఆ తర్వాత ఆయన జీవితమైంది. 2018లో పద్మశ్రీ వచ్చింది.

2002లో రాష్ట్రప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ జిల్లా పేరు కూడా ఇప్పుడు నర్మదాపురం. కానీ మూడు దశాబ్దాలపాటు మామూలు సర్కారుబడుల్లో, మామూలు మాస్టార్లతో అది నడిచిందన్న సంగతిని మాత్రం ఎవరూ కొట్టేయలేరు. అంటే అయ్యే పనే!

రామన్ చేసిందీ అదే

ఏటా ఫిబ్రవరి 28న బడుల్లో జాతీయ సైన్సు దినోత్సవం చేస్తారు. 1928లో అదేరోజు సి.వి.రామన్ తన ఆవిష్కరణని ప్రకటించారు. రెండేళ్లకే నోబెల్ బహుమతి వచ్చింది. విశాఖపట్నంలో బడిచదువు చదువుకున్న ఆ పిల్లాడు అంతవాడెలా అయ్యాడో చెప్పడానికి ఓ ఓడప్రయాణం చాలు.

సముద్రం నీలంగా ఉండటానికి కారణం అందులో ఆకాశం ప్రతిబింబించడమేనని లార్డ్ రేలీ అంతటి శాస్త్రవేత్త చెప్పారు. అందరూ సరేనన్నారు. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగొస్తున్న రామన్ మధ్యధరా సముద్రాన్ని చూసి ఊరుకోలేదు. నీటిమీద ప్రతిఫలించే ఆకాశపు వెలుగుని అడ్డుకునే చిన్న పట్టకాన్ని కంటికి అడ్డంపెట్టుకుని చూశారు. సముద్రం ఇంకా నీలంగానే ఉంది! ప్రతిబింబం పోయినా రంగు పోలేదంటే కారణం నీటిలోనే ఉండాలి కదా. ఆ ప్రశ్న వెంటపడి వెళ్తేనే రామన్ ఎఫెక్ట్ దొరికింది.

పుస్తకంలో ఒకటుంది, కంటికి ఇంకోటి కనిపించింది. ఆయన కొట్టేయలేదు.

నాలుగు వారాలు... నాలుగు పనులు

డబ్బు ఖర్చుకాని, థర్మాకోల్ అవసరం లేని నాలుగు హోంవర్కులు ఇవి. ఆరు నుంచి పదో తరగతి దాకా ఎవరైనా చేయొచ్చు. షరతు ఒక్కటే... ఏం జరుగుతుందనుకుంటున్నారో మొదలుపెట్టకముందే రాసుకోవాలి.

మొదటి వారం పసుపు కాగితం. పసుపుని నీళ్లలో ముద్దలా కలిపి తెల్లకాగితానికి పూసి ఆరబెట్టాలి. ముక్కలు కత్తిరించి ఒక్కోదానిమీద సబ్బునీళ్లు, నిమ్మరసం, వంటసోడా నీళ్లు, మజ్జిగ, షాంపూ చుక్క వేసి చూడాలి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపవుతుంది. పసుపునీళ్లలో సున్నం కలిపి ఎర్రనీళ్లతో దిష్టితీసే నానమ్మకి ఇది ఎప్పుడో తెలుసు. అసలు సరదా షాంపూ దగ్గరుంది. అదీ సబ్బులాంటిదే కాబట్టి ఎరుపు రావాలని పిల్లలు అనుకుంటారు. చాలా షాంపూలకి రాదు. అక్కడ 'ఎర్రగా మారింది' అని రాసేస్తే ఆట అయిపోయినట్టే. 'మారలేదు' అని రాస్తే... 'ఎందుకు?' అన్న ప్రశ్నతో రెండో ఆట మొదలవుతుంది.

రెండో వారం పెసలు. మూడు గ్లాసుల్లో ఇరవయ్యేసి గింజలు. ఒకదాంట్లో పొడిగా, ఒకదాంట్లో తడిగుడ్డలో, ఒకదాంట్లో నిండా నీళ్లలో మునిగేలా. రోజూ ఒకే సమయానికి లెక్కపెట్టాలి. తడిగుడ్డలో ఇరవైకి ఇరవై రాకపోవచ్చు. నీళ్లలో మునిగినవి గాలి అందక మొలవవని పుస్తకం చెబుతుంది. కానీ ఒకటీరెండు కాస్త తోక చూపించి ఆగిపోవచ్చు. అదీ రాయాలి. ఇది చిన్న విషయమేం కాదు. విత్తనాలు చల్లేముందు వంద గింజలు తడిగోనెలో కట్టి ఎన్ని మొలిచాయో రైతులు లెక్కచూస్తారు. ధ్రువీకరించిన వరి విత్తనంలో వందకి కనీసం 80 మొలవాలన్నది నిబంధన. అక్కడ డెబ్భైని తొంభై అని రాస్తే ఏమవుతుందో పల్లెటూరి పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో వారం దారం, రాయి. మేకుకి దారం కట్టి చివర చిన్న రాయి వేలాడదీయాలి. మేకు నుంచి రాయి మధ్యకి మీటరు ఉంటే, పదిసార్లు ఊగి రావడానికి దాదాపు 20 సెకన్లు పడుతుంది. పొడవుని పావుమీటరు చేస్తే 10 సెకన్లు. నాలుగోవంతు పొడవుకి సగం సమయం! రాయి బరువు పెంచితే? 'ఇంకా జోరుగా ఊగుతుంది' అని చాలామంది పందెం కాస్తారు. ఊగి చూస్తేగానీ ఓడిపోయామని తెలీదు. మూడుసార్లు కొలిస్తే 19, 21, 20 వస్తాయి. మూడూ రాయాలి. మూడుసార్లూ సరిగ్గా 20 వచ్చిన నోటుపుస్తకం కనిపిస్తే మాస్టారు కాస్త అనుమానంగా చూడాలి.

నాలుగో వారం నీడ. అది ఇప్పటికే చెప్పుకున్నాం.

పావుగంట చాలు

ఇవన్నీ చదువుమీద ఇంకో బరువు కావు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి అన్ని సబ్జెక్టులూ కలిపి రోజుకి గంటకి మించి హోంవర్కు వద్దని 2020 నాటి కేంద్ర స్కూల్‌బ్యాగ్ విధానం సూచించింది. పసుపు కాగితానికి అరగంట, పెసలు లెక్కపెట్టడానికి రోజుకి ఐదు నిమిషాలు సరిపోతాయి. రాయాల్సిందీ పేజీలకొద్దీ కాదు. ఏమనుకున్నాను, ఏం చూశాను, తేడా ఎందుకొచ్చిందనుకుంటున్నాను... ఈ మూడు సంగతులే.

దిద్దడం కూడా తేలికే. మార్కు జవాబుకి కాకుండా రెండో వాక్యానికి పడితే చాలు. నలభై పుస్తకాల్లో నలభై రకాల అంకెలుంటే క్లాసులో మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉన్నట్టు. అన్నిట్లోనూ ఒకటే ఉంటే మాట్లాడుకోవడానికి ఏమీ లేనట్టు.

ఇంట్లో పెద్దవాళ్ల పని ఇంకా తేలిక. మేకు కొట్టివ్వాలి. వేడి తగిలే చోట, డాబా అంచున పక్కనుండాలి. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవాలి. కష్టమే... కానీ తప్పదు. 'పుస్తకంలో ఏముంది?' అనకుండా 'నీకేమొచ్చింది?' అని అడగాలి. అమ్మకి తెలీకపోతే 'నాకూ తెలీదు నాన్నా, పద చూద్దాం' అనడంలో చిన్నతనమేం లేదు.

ఎందుకింత పట్టుదల అంటే... ఈ పిల్లలే రేపు ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్ష ఫలితం రాస్తారు. వంతెనకి వాడిన కాంక్రీటు బలం కొలుస్తారు. చెరువునీళ్లు తాగొచ్చో లేదో తేలుస్తారు. అక్కడ రావాల్సిన అంకె ఒకటుంటుంది, వచ్చిన అంకె ఒకటుంటుంది. ఏది రాయాలన్న అలవాటు వాళ్లకి ఎనిమిదో తరగతి నోటుపుస్తకంలోనే అవుతుంది.

చివరగా ఓ సెలవుల హోంవర్కు. ఏడాదిలో రెండురోజులు మన ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. నిటారుగా ఉన్న కర్రకి ఆ క్షణంలో నీడే పడదు. హైదరాబాద్‌లో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో వస్తుంది. దక్షిణాన ఉన్న తిరుపతిలో ఏప్రిల్ చివరివారంలోనే వచ్చేస్తుంది. ఆగస్టులో మబ్బులు అడ్డుపడొచ్చు కాబట్టి ఎండాకాలమే నయం. టోపీ పెట్టి, మంచినీళ్ల సీసా ఇచ్చి పిల్లల్ని డాబా ఎక్కించండి. నీడ మాయమవుతుందని ఈ పేజీ ఎలాగూ చెప్పేసింది. మీ డాబామీద నిజంగా మాయమైందా, ఎన్ని గంటలకి... అది మాత్రం మీ పిల్లలే చెప్పాలి!